బఫర్‌లో కనిపించిన పీక్ సీరంలో ఎందుకు మాయమైంది? గుండె మందులను కొలిచే నానో సెన్సార్ గురించి సలహా కావాలి

ప్రశ్న: దేవరకొండ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రక్తంలో ఉన్న గుండె మందును ఎలక్ట్రోకెమికల్ పద్ధతిలో, అంటే ఎలక్ట్రోడ్ దగ్గర వచ్చే కరెంటును బట్టి, కొలిచే నానో సెన్సార్ తయారు చేయడం నా ప్రాజెక్టు. ఈ అంశం ఎంచుకోవడానికి మా నాయనమ్మే కారణం. గుండె బలహీనతకు ఆమె మూడేళ్లుగా డిగాక్సిన్ మాత్ర వేసుకుంటున్నది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వేసుకొని శని, ఆదివారాలు మానేస్తుంది. కిందటి చలికాలంలో అన్నం సయించక, వాంతులై, "కండ్ల ముందర అంతా పసుపు పచ్చగా ఉన్నది బిడ్డా" అని ఆమె అన్నప్పుడు డాక్టరు గారు మాత్ర ఆపించి, రక్తంలో డిగాక్సిన్ ఎంత ఉందో చూడమన్నారు. మేము రక్తం ఇచ్చిన చోట ఆ పరీక్ష లేదు కనుక నమూనాను హైదరాబాదుకు పంపారు. మూడో రోజున రిపోర్టు చేతికి వచ్చేసరికి ఆమె తేరుకొని గడప మీద కూర్చొని ఉన్నది. షుగరు చూసే చిన్న మిషన్ మా పల్లెలో నాలుగిండ్లలో ఉండగా, ఈ మందుకు అలాంటిది ఎందుకు లేదన్న ఆలోచన నాకు అప్పుడే మొదలైంది.

డిగాక్సిన్ ప్రామాణిక పదార్థం ఖరీదైనది కావడం వల్ల, మా గైడ్ గారి సలహా మీద బీపీ మాత్ర అయిన ఆమ్లోడిపిన్‌తో పని మొదలుపెట్టాను. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ కొన మీద రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్‌ను, దాని మీద బంగారు నానో కణాలను పూసి, డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీలో (వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) చూస్తే, ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) 10 మైక్రోమోలార్ ఆమ్లోడిపిన్‌కు 0.8 వోల్టుల దగ్గర కొడవలి కొనలాంటి పీక్, అంటే కరెంటు శిఖరం, వచ్చింది. మూడు నెలల కష్టం ఫలించిందని ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను.

మరుసటి వారం నా చేతి నుంచే ఐదు మిల్లీలీటర్ల రక్తం తీయించుకొని, సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) వేరుచేసి, దానిని బఫర్‌తో సగం సగం కలిపి, అందులో అంతే ఆమ్లోడిపిన్ వేశాను. 0.8 దగ్గర పీక్‌కు బదులు ఒక చిన్న దిబ్బ మాత్రమే మిగిలింది. 0.3 వోల్టుల దగ్గర నేను ఊహించని పెద్ద పీక్ ఒకటి లేచింది. దాని భుజం మీద, 0.4 దాటిన తర్వాత, మరొకటి ఆనుకొని ఉన్నది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఎలక్ట్రోడ్‌ను కడిగి మళ్లీ శుభ్రమైన బఫర్‌లో పెడితే అక్కడ కూడా మూడో వంతు కరెంటే వచ్చింది. నేను ఎక్కడ తప్పు చేశాను? డిగాక్సిన్‌కు షుగరు స్ట్రిప్‌లాంటిది చేయడం అసలు సాధ్యమేనా?

జవాబు: పాత పోలరోగ్రఫీ

మహబూబ్‌నగర్‌లో చాలా ఏండ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. పోలరోగ్రఫీ అనే పాత పద్ధతిలో ఎలక్ట్రోడ్‌గా వాడే పాదరసం చుక్కలు లెక్కపెట్టిన తరం మాది, అందుకే ఈ పేరు. మీరు పెద్ద తప్పేమీ చేయలేదు నాయనా. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సంగతి ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ మొదటి సీరం చుక్కతోనే తెలుస్తుంది.

మొదట అంకెలు చూడండి. ఆమ్లోడిపిన్ వేసుకునే మనిషి రక్తంలో ఆ మందు మిల్లీలీటరుకు సుమారు 10 నానోగ్రాములు ఉంటుంది. అణుభారం 409 కనుక అది దాదాపు 24 నానోమోలార్ (నానోమోలార్ అంటే మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) అవుతుంది. మీరు వేసింది 10 మైక్రోమోలార్, అంటే నాలుగు వందల రెట్లు ఎక్కువ. అదే రక్తంలో యూరిక్ ఆమ్లం 300 మైక్రోమోలార్ అటూ ఇటూగా ఉంటుంది, మందు కంటే పదివేల రెట్లకు పైగా. మీరు పిలవకుండానే 0.3 దగ్గర లేచిన పీక్ దానిదే. దాని భుజం మీద ఉన్న రెండో పీక్ గురించి నాకు ఒక అనుమానం ఉన్నది: రక్తం ఇచ్చిన రోజు పొద్దున మీరు జ్వరానికో తలనొప్పికో పారాసిటమాల్ వేసుకున్నారా? అది సరిగ్గా ఆ వోల్టేజి ప్రాంతంలోనే ఆక్సీకరణం చెందుతుంది.

పీక్ పడిపోవడానికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. ఆమ్లోడిపిన్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా రక్తంలోని ప్రోటీన్లను పట్టుకొని ఉంటుంది కాబట్టి ఎలక్ట్రోడ్ దాకా స్వేచ్ఛగా వచ్చేది కొంచెమే. రెండవది, డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉండే ఆల్బుమిన్ వచ్చి ఎలక్ట్రోడ్ ముఖం మీద పాల మీగడలా పేరుకుంటుంది, ఆపైన ఎలక్ట్రాన్లకు దారి ఉండదు. కడిగిన తర్వాత కూడా మూడో వంతే కరెంటు రావడానికి కారణం ఆ మీగడే. ప్రతి ఉదయం, ప్రతి సీరం పరీక్ష తర్వాత, ఎలక్ట్రోడ్‌ను ఒకసారి ఫెర్రీసయనైడ్ ద్రావణంలో పెట్టి వోల్టేజిని ముందుకూ వెనక్కూ నడిపించి చూడండి. శుభ్రంగా పాలిష్ చేసిన ఎలక్ట్రోడ్ మీద, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కనిపించే రెండు పీకుల మధ్య దూరం 70, 80 మిల్లీవోల్టులు ఉంటుంది; ప్రోటీన్ పేరుకుంటే ఆ దూరం పెరిగి, పీకులు చతికిలబడతాయి. అప్పుడు పూత మొత్తం తీసేసి, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో మెత్తటి గుడ్డ మీద ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్ది, మళ్లీ మొదలుపెట్టడం తప్ప మార్గం లేదు. ఈ కారణంగానే రక్తం పనికి ఒకసారి వాడి పారేసే స్క్రీన్ ప్రింటెడ్ స్ట్రిప్పులు నయం.

గ్రాఫీన్ మీద, బంగారు కణాల మీద మీ తరానికి ఉన్న మోజు చూస్తే నాకు కొంచెం నవ్వు వస్తుంది, కోపగించుకోవద్దు. అవి ఎలక్ట్రోడ్ ఉపరితలాన్ని పెంచుతాయి, ఎలక్ట్రాన్ల మార్పిడిని వేగవంతం చేస్తాయి, అది నిజమే. అయితే అవి వాకిలిని వెడల్పు చేస్తాయి తప్ప, ఎవరిని లోపలికి రానివ్వాలో వాటికి తెలియదు; మందుతో పాటు యూరిక్ ఆమ్లం కూడా అంతే సుఖంగా లోపలికి వస్తుంది. మీ జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ను మీరు చూసే ఉంటారు. 1966 నాటి ఆ పరికరం ఇవాళ్టికీ నమ్మకంగా పనిచేయడానికి కారణం దాని కొనలో ఉన్న లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం, అది దాదాపు ఫ్లోరైడ్‌కే స్పందిస్తుంది. ఎంపిక అక్కడ స్ఫటికంలోనే ఉన్నది. మీ ఎలక్ట్రోడ్‌లో ఎంపిక ఎక్కడ ఉన్నదో మీరు చెప్పగలగాలి.

చేయగలిగిన పనులు చెబుతాను. సీరానికి రెట్టింపు అసిటోనైట్రైల్ కలిపి, ప్రోటీన్‌ను విరగ్గొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని మాత్రమే బఫర్‌లో పలుచన చేసుకోండి. ఎలక్ట్రోడ్ మీద పలుచని నాఫియాన్ (ఒక రకం పాలిమర్) పొర వేయండి. దానిది రుణావేశం కనుక యూరేట్‌ను (యూరిక్ ఆమ్లపు రూపం), ఆస్కార్బేట్‌ను (విటమిన్ సి రూపం) నెట్టివేస్తుంది, ధనావేశం ఉన్న ఆమ్లోడిపిన్‌ను రానిస్తుంది. బఫర్‌లో గీసిన కాలిబ్రేషన్ గీతను (ఎంత మందుకు ఎంత కరెంటో చూపే గీత) సీరానికి వాడకుండా స్టాండర్డ్ అడిషన్ చేయండి, అంటే అదే నమూనాలో తెలిసిన మోతాదులు కొంచెం కొంచెంగా కలుపుతూ పీక్ ఎంత పెరుగుతున్నదో చూసి వెనక్కి లెక్కించండి. అయినా ఒక మాట: నమూనా వల్ల పీక్ ఎత్తు తగ్గే దోషాన్ని ఈ పద్ధతి సరిచేస్తుంది గాని, అదే వోల్టేజి దగ్గర మరో పదార్థం కూడా కరెంటు ఇస్తుంటే ఆ దోషాన్ని సరిచేయలేదు.

ఇక డిగాక్సిన్. గ్లూకోజు మిల్లీలీటరు రక్తంలో సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. డిగాక్సిన్ ఒక నానోగ్రాము. బరువులోనే పది లక్షల రెట్ల తేడా. పైగా గ్లూకోజును మాత్రమే గుర్తుపట్టే ఎంజైమును ప్రకృతే మనకు ఇచ్చింది. 1962లో క్లార్క్, లియాన్స్ అనే ఇద్దరు ఆ ఎంజైమును ఎలక్ట్రోడ్ మీద నిలపవచ్చని చూపించిన దారిలోనే ఇవాళ్టి షుగరు స్ట్రిప్పులు వచ్చాయి. డిగాక్సిన్‌కు అలాంటి సులువైన ఎంజైము లేదు, మామూలు వోల్టేజిలో తేలికగా ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణమూ లేదు. అందుకని దానిని పట్టుకునే యాంటీబాడీని ఎలక్ట్రోడ్ దగ్గర నిలిపి, నమూనాలోని డిగాక్సిన్‌కు, ఎంజైము తగిలించిన డిగాక్సిన్‌కు మధ్య పోటీ పెట్టి, ఆ ఎంజైము పుట్టించే పదార్థపు కరెంటును కొలుస్తారు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం వారు 1986లోనే ఇలా చేసి చూపించారు. సాధ్యమే, కాని మూడు నెలల ప్రాజెక్టు కాదు.

జవాబు: పాలమూరు ల్యాబ్ టెక్నీషియన్

సార్ చెప్పినంత సైన్సు నాకు రాదు గాని, పద్నాలుగేండ్లుగా రక్తం తీస్తున్న అనుభవంతో ఒకటి అడుగుతాను. తమ్ముడూ, మీ నాయనమ్మకు రక్తం తీసింది ఎన్ని గంటలకు? ఆ రోజు మాత్ర వేసుకున్నది ఎన్ని గంటలకు? మాత్ర వేసుకున్న తర్వాత డిగాక్సిన్ మొదట రక్తంలో ఒక్కసారిగా పెరిగి, తర్వాత నెమ్మదిగా గుండె కండరంలోకి, ఒంట్లోకి సర్దుకుంటుంది. కనీసం ఆరు గంటలు గడవనిదే తీసిన రక్తంలో వచ్చే అంకెకు అర్థం ఉండదు. పొద్దుటి మాత్ర వేసుకోకముందు తీయడమే అన్నిటికంటే మంచిది. మన దగ్గర జరిగేది మాత్రం వేరు. పెద్దమనుషులు పొద్దున్నే చాయ్ తాగి, మాత్రలన్నీ వేసుకొని, తొమ్మిది గంటల బస్సుకు పట్నం వచ్చి చేయి చాపుతారు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్న గడి ఫారం మీద ఖాళీగానే ఉంటుంది. అంకె ఎక్కువ వస్తుంది, ఇంటిల్లిపాదీ భయపడతారు. మీ సెన్సార్ ఎంత గొప్పదైనా సమయం తప్పిన రక్తానికి సరైన అంకెను తప్పు వేళకే ఇస్తుంది.

యాంటీబాడీ గురించి ఇంకో చిన్న సంగతి. గుండె బలహీనతకు డిగాక్సిన్‌తో పాటు స్పైరోనోలాక్టోన్ అనే నీటి మాత్ర రాయడం మామూలే. అది కొన్ని కిట్లలో డిగాక్సిన్ అంకెను పైకో కిందికో తోస్తుంది. హైవే మధ్యలోనూ ఇండ్ల ముందరా మనం పెంచుకునే గన్నేరు, పచ్చగన్నేరులలో ఉండే విషం కూడా డిగాక్సిన్ కుటుంబానికి చెందినదే. పిల్లవాడు పచ్చగన్నేరు కాయ నమిలాడని తీసుకొస్తే, జన్మలో ఆ మాత్ర చూడని పిల్లవాడి రక్తంలోనూ యంత్రం డిగాక్సిన్ ఉన్నదని చూపుతుంది, అయితే ఆ అంకె విషం తీవ్రతకు కొలత కాదు. మీరు వాడబోయే యాంటీబాడీ కూడా ఇలాగే పొరపడవచ్చు కనుక ఈ రెండింటినీ పరీక్షలో చేర్చండి.

ఇంకా, సొంత రక్తమే కదా అని తరగతి గదిలో బీకర్‌లో పోసుకొని పనిచేయవద్దు. సూదులు తెల్ల డబ్బాలో వేయాలి, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేయాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

జవాబు: మిర్యాలగూడ వైద్యురాలు

నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. మీ ప్రశ్న బాగున్నది గాని, ఏ మందును కొలవాలన్న దగ్గరే నాకు అభ్యంతరం ఉన్నది. ఆమ్లోడిపిన్ రక్తంలో ఎంత ఉన్నదో నాకు తెలియనవసరం లేదు. చేతికి బీపీ పట్టీ కట్టి చూస్తే ఆ మందు పనిచేస్తున్నదో లేదో అప్పుడే తెలుస్తుంది. వాల్వు మార్చిన వారికి ఇచ్చే అసిట్రామ్, వార్ఫరిన్‌ల సంగతీ అంతే, మేము మందును కాకుండా రక్తం గడ్డకట్టే వేగాన్ని ఐఎన్ఆర్ రూపంలో చూస్తాము. వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూపే చిన్న పరికరాలలో కొన్ని ఎలక్ట్రోకెమికల్ పద్ధతిలోనే పనిచేస్తాయి. అంటే మీరు కోరుకున్న యంత్రం ఒక రూపంలో వచ్చేసింది, కాకపోతే అది కొలిచేది మందును కాదు, మందు చేసే పనిని.

డిగాక్సిన్ వేరు. 1785లో విలియం విదరింగ్ ఈ మందు జాతికి మూలమైన ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకు గురించి పుస్తకం రాసిన నాటి నుంచి ఇవాళ్టి దాకా దానితో చిక్కు ఒక్కటే, పనిచేసే మోతాదుకు విషమయ్యే మోతాదుకు మధ్య సందు ఇరుకు. గుండె బలహీనతలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంచాలని చూస్తాము. 2 దాటితే విష లక్షణాల భయం బాగా పెరుగుతుంది. అయితే అంకె ఒక్కటే చూసి నిర్ణయించలేము. పొటాషియం తగ్గితే 1.5 దగ్గర కూడా గుండె లయ తప్పవచ్చు. మూత్రపిండాలు మందగిస్తే, మామూలుగా ఒకటిన్నర, రెండు రోజులలో సగమయ్యే మందు చాలా రోజులు ఒంట్లోనే ఉండిపోతుంది. మన నల్లగొండ, పాలమూరు వైపు పెద్ద వయసు వారికి ఈ మాత్ర రాసేటప్పుడు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్త పరీక్ష) చూడకుండా నేను కలం పెట్టను. మీ నాయనమ్మ గారికి ఆ రోజు పొటాషియం ఎంత ఉన్నదో పాత రిపోర్టులో చూడండి. ఉబ్బు తగ్గడానికి నీటి మాత్ర కూడా వేసుకుంటున్నారా?

ఆమ్లోడిపిన్ పరీక్ష నాకు నిజంగా పనికివచ్చే సందర్భం ఒకటి ఉన్నది. నాలుగు రకాల బీపీ మాత్రలు రాసినా 180 నుంచి దిగని వారు వస్తారు. మాత్రలు వేసుకుంటున్నారా అంటే అందరూ తల ఊపుతారు. వారిలో కొందరు వేసుకోవడం లేదని పెద్ద దవాఖానలలో మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే పద్ధతి) రక్తం, మూత్రం పరీక్షించి తేలుస్తారు. అక్కడ నాకు 9.7 నానోగ్రాములా 10.2 నానోగ్రాములా అన్నది అక్కరలేదు, ఉన్నదా లేదా అన్నది చాలు. అలాంటప్పుడు రక్తమే ఎందుకు? అటెనలాల్ అనే బీపీ మందు 50 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు సగం ఒంటికి పట్టి, అందులో ఎక్కువ భాగం మారకుండా మూత్రంలోనే బయటికి పోతుంది. రోజుకు లీటరున్నర మూత్రం అనుకుంటే మిల్లీలీటరుకు పది, పదిహేను మైక్రోగ్రాములు వస్తుంది కదా. మీ కెమిస్ట్రీ లెక్కలో అది ఎంతవుతుందో మీరే చెప్పండి.

మళ్లీ: దేవరకొండ విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి, ఈలోగా చెప్పినవన్నీ చేసి చూశాను.

సార్, మీ అనుమానం నిజం. ఆ రోజు పొద్దున ఒళ్లు వెచ్చగా ఉంటే 650 పారాసిటమాల్ వేసుకొని వెళ్లాను. నాఫియాన్ పొర వేసిన తర్వాత యూరిక్ ఆమ్లం పీక్ బాగా తగ్గింది. అసిటోనైట్రైల్‌తో ప్రోటీన్ తీసేసి, మూడింతలైన ఆ ద్రవాన్ని మళ్లీ పదింతలు పలుచన చేసి, స్టాండర్డ్ అడిషన్ పద్ధతిలో చూస్తే 0.5 మైక్రోమోలార్ దాకా నమ్మదగిన పీక్ వస్తున్నది. మొదట సంబరపడ్డాను. తర్వాత లెక్క తిరగేస్తే, పలుచన చేయకముందు అసలు సీరంలో అది 15 మైక్రోమోలార్ అవుతుంది, మనిషి రక్తంలో ఉండేదానికి ఆరు వందల రెట్లు. నేను చదివిన కొన్ని వ్యాసాలలో రికవరీ (కలిపిన మందులో మళ్లీ కొలవగలిగిన భాగం) 99 శాతం అని ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైంది. తాము వేసిన మందును తామే వెతికి పట్టుకున్నారు, అంతే.

డాక్టరమ్మ గారూ, పాత రిపోర్టు వెతికాను. డిగాక్సిన్ 1.8, పొటాషియం 3.1 అని ఉన్నది. నీటి మాత్ర రోజూ వేసుకుంటున్నది. ఆ రోజే డాక్టరు గారు పొటాషియం సిరప్ రాసినట్టు చీటీలో ఉన్నది, ఇంట్లో మేమందరమూ డిగాక్సిన్ అంకె కోసం ఎదురుచూస్తూ దానిని పట్టించుకోలేదు. అన్నా, మాత్ర ఏడున్నరకు వేసుకున్నది, రక్తం తొమ్మిదింటికి తీశారు, కాబట్టి ఆ 1.8ని ఎంత వరకు నమ్మాలో కూడా తెలియదు.

అటెనలాల్ లెక్క వేశాను. అణుభారం 266 కాబట్టి మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాములంటే 56 మైక్రోమోలార్, ఆమ్లోడిపిన్ రక్తంలో ఉండేదానికి రెండు వేల రెట్లకు పైన. నా ఎలక్ట్రోడ్ ఇప్పుడున్న స్థితిలోనే దానిని చూడగలదు, మూత్రంలో ప్రోటీన్ బెడద కూడా తక్కువ. గైడ్ గారు ఒప్పుకున్నారు. రోగుల నమూనాలు తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాస్తున్నాను, అనుమతి వచ్చేదాకా ఎవరినీ అడగను.

జవాబు: పాత పోలరోగ్రఫీ

మంచి మార్పు. ఒక జాగ్రత్త చెబుతాను. అటెనలాల్ ఒక వోల్టు దాటిన ప్రాంతంలో ఆక్సీకరణం చెందుతుంది, పీహెచ్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. యూరిక్ ఆమ్లం అక్కడికి రాదు గాని, కెఫీన్ ఆ పైననే కాచుకొని ఉంటుంది, దానితో పాటు ఒంట్లో దాని నుంచి పుట్టిన పదార్థాలు కూడా మూత్రంలోకి వస్తాయి. కాబట్టి మాత్ర వేసుకోని వారి మూత్రం ఒక్కరిది కాదు, కనీసం పదిమందిది ముందుగా నడిపించి, ఖాళీ నమూనాలోనే ఎంత కరెంటు వస్తుందో రాసుకోండి. మందు ఉన్నదని చెప్పడానికి గీయవలసిన గీత అక్కడి నుంచే వస్తుంది, బఫర్ నుంచి కాదు. అనుమతి కాగితంలో మాత్ర వేసుకున్న సమయానికి, మూత్రం పట్టిన సమయానికి రెండు గళ్లు పెట్టండి. మూడో గడి చాయ్‌కి పెట్టండి.